‘గెట్’ అర్థాలు బట్టీ పట్టకండి, దాని పక్కన ఏముందో చూడండి

‘గెట్’ అంటే ‘పొందు’ అని చిన్న క్లాసుల్లోనే రాయించేస్తారు. గెట్, గాట్, గాట్ అని మూడు రూపాలూ అప్పజెప్పించేస్తారు. ఆ పిల్లలే పెద్దయ్యాక ఇంటర్వ్యూలోనో ఆఫీసులోనో “ఐ డోంట్ గెట్ ఇట్”, “లెట్స్ గెట్ గోయింగ్”, “హి గాట్ ఫైర్డ్” లాంటివి వింటారు. వీటిలో ఒక్కదానికి కూడా ‘పొందు’ అతకదు. నిఘంటువు తీస్తే ఆ ఒక్క మాటకే కాలమ్‌లకి కాలమ్‌లు ఉంటాయి. చాలామంది అక్కడే పుస్తకం మూసేస్తారు.

నేను ఖమ్మంలో సాయంత్రం పూట స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నర్సింగ్ అమ్మాయిలు, డిగ్రీ అయి ఉద్యోగాలకి తిరుగుతున్న కుర్రాళ్ళు. కొందరు దుకాణాలు నడుపుకునేవాళ్ళు కూడా ఉంటారు. వీళ్ళకి ‘గెట్’ చెప్పే రోజు నేను అర్థాల జాబితా బోర్డు మీద రాయను. ముందు ఒక పని చేయమంటాను: గెట్‌ని వదిలేసి, దాని పక్కన ఏ మాట ఉందో చూడమంటాను. వస్తువు పేరు ఉందా? అలసట, తడి, కోపం లాంటి స్థితి చెప్పే మాట ఉందా? ఊరు ఉందా? మనిషి ఉన్నాడా? దాన్నిబట్టే అర్థం తేలుతుంది. ఆ తర్వాత, అదే పని చేసే తెలుగు క్రియ ఏదో గుర్తు తెచ్చుకోమంటాను. ‘వచ్చింది’, ‘పోయాను’, ‘చేయించాను’ మన నోట్లో రోజంతా ఆడే మాటలే. గెట్ వాడకంలో చాలా భాగం ఈ మూడింటి కిందికే వస్తుంది.

నాకు వచ్చింది

తెలుగులో ఉద్యోగమైనా జ్వరమైనా అదే మన దగ్గరికి వస్తుంది. నాకు ఉద్యోగం వచ్చింది, నాకు మెసేజ్ వచ్చింది, నాకు జ్వరం వచ్చింది. ఇంగ్లిష్‌లో ఇలాంటి వాక్యం మనిషితో మొదలవుతుంది. ‘నాకు’ ఉన్నచోట ‘ఐ’ వస్తుంది, ‘వచ్చింది’ ఉన్నచోట ‘గాట్’ వస్తుంది. “ఐ గాట్ ఎ జాబ్.” “ఐ గాట్ యువర్ మెసేజ్.” “ఐ గాట్ ఎ ఫీవర్.” మార్కులు, సీటు, లీవు, జీతం, కరెంటు బిల్లు, ఓటీపీ అన్నీ ఇలాగే. “డిడ్ యూ గెట్ ద ఓటీపీ?” అనే ప్రశ్న ఈ రోజుల్లో అందరికీ పనికొస్తుంది కాబట్టి నేను దాంతోనే మొదలుపెట్టిస్తాను.

దొరకడం, కొనడం, తేవడం కూడా ఈ గూట్లోవే. “వేర్ డిడ్ యూ గెట్ దిస్ శారీ?” అంటే ఈ చీర ఎక్కడ కొన్నారు, ఎక్కడ దొరికింది అని. గెట్ తర్వాత ముందు మనిషి, ఆ వెంటనే వస్తువు ఉంటే తెచ్చిపెట్టడం: “గెట్ మి సమ్ వాటర్.” ఎవరికైనా కబురుపెట్టి పిలుచుకురావడానికి కూడా ఇదే మాట. వార్డులో ఎవరైనా “గెట్ ద డాక్టర్!” అని అరిస్తే పరుగెత్తి డాక్టర్‌ని పిలుచుకురమ్మని.

నాకు అర్థమైంది అనడానికి “ఐ గాట్ ఇట్” అంటారు. ఫోన్‌లో అవతలివాళ్ళ మాట సరిగా అందకపోతే “సారీ, ఐ డిడంట్ గెట్ దట్” అనండి. మళ్ళీ చెప్పండి అని అడిగినట్టు ఉంటుంది. ‘వాట్?’ అని విసిరేసినట్టు అడగడం కన్నా ఎంతో మర్యాదగా వినిపిస్తుంది.

నాకు ఇద్దరు చెల్లెళ్ళు ఉన్నారు అనే వాక్యంలో కూడా ‘నాకు’ ఉంది చూశారా? అక్కడ ‘ఐ హావ్ గాట్’ వాడొచ్చు: “ఐ హావ్ గాట్ టూ సిస్టర్స్.” ఇక్కడ గాట్‌కి విడిగా అర్థం వెతకొద్దు. ‘హావ్ గాట్’ రెండూ కలిపి ‘ఉంది’ అని పెట్టుకోండి.

అయితే ‘నాకు... వచ్చింది’ అనే ప్రతి వాక్యంలోకీ గెట్‌ని దూర్చకూడదు. నాకు కల వచ్చింది అనాలంటే “ఐ హాడ్ ఎ డ్రీమ్”. నాకు గుర్తొచ్చింది అనాలంటే “ఐ రిమెంబర్డ్”. నాకు ఈత వచ్చు అంటే “ఐ కెన్ స్విమ్”. నాకు డౌట్ వచ్చింది అనడానికి మన దగ్గర అందరం “ఐ గాట్ ఎ డౌట్” అనేస్తాం, ఇండియాలో ఎవరూ తప్పుపట్టరు. ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో అదే మాట వింటే మీరు చెప్పినదాన్ని నమ్మడం లేదని అనుకోవచ్చు. అక్కడ “ఐ హావ్ ఎ క్వశ్చన్” అంటే సరిపోతుంది. బయటి దేశాలకి వెళ్ళే నర్సులకి నేను ఇది మరీ మరీ చెబుతాను, ఎందుకంటే డాక్టర్‌తో “ఐ హావ్ ఎ డౌట్” అంటే ఆయన వైద్యం మీదే అనుమానం ఉన్నట్టు ధ్వనిస్తుంది.

అలసిపోయాను, తడిసిపోయాను, దొరికిపోయాడు

గెట్ పక్కన స్థితి చెప్పే మాట ఉంటే అది మార్పు. ఇంతకుముందు లేనిది ఇప్పుడు అయింది. తడిసిపోయాను, “ఐ గాట్ వెట్”. అలసిపోయాను, “ఐ గాట్ టైర్డ్”. మీ టీ చల్లారిపోతోంది, “యువర్ టీ ఈజ్ గెటింగ్ కోల్డ్”. చీకటి పడుతోంది, “ఇట్స్ గెటింగ్ డార్క్”. మన ‘పోవు’, ‘పడు’, ‘అవు’ చేసే పనిని అక్కడ గెట్ ఒక్కటే చేస్తుంది.

ఇక్కడ ‘యామ్’కీ ‘గాట్’కీ తేడా పట్టుకోవాలి. “ఐ యామ్ మ్యారీడ్” అంటే నేను పెళ్ళైనవాణ్ణి, అది ఇప్పటి స్థితి. “ఐ గాట్ మ్యారీడ్ ఇన్ 2019” అంటే 2019లో పెళ్ళైంది, అది ఆ రోజు జరిగిన మార్పు. “ఐ యామ్ మ్యారీడ్ ఇన్ 2019” అనే వాక్యం నాకు ప్రతి బ్యాచ్‌లో వినబడుతుంది, రెండింటినీ కలిపేయడం వల్ల వచ్చే చిక్కు అది. ఇంకొకటి “మై మ్యారేజ్ ఈజ్ ఓవర్”. పెళ్ళి పనులన్నీ అయిపోయాయని మనవాళ్ళ ఉద్దేశం. బయటి దేశంవాళ్ళు మాత్రం కాపురం చెడిపోయిందని, విడాకుల దాకా వచ్చిందని అనుకుని ఓదార్చడం మొదలుపెడతారు. ఫలానావాళ్ళతో పెళ్ళైంది అన్నప్పుడు ‘విత్’ కాకుండా ‘టు’ వాడతారు: “షి గాట్ మ్యారీడ్ టు ఎ డాక్టర్.”

క్రియ మూడో రూపం పక్కనున్నా కూడా ఇదే దారి. దొరికిపోయాడు, “హి గాట్ కాట్”. ఉద్యోగం ఊడింది, “హి గాట్ ఫైర్డ్”. ఫోన్ పోయింది, ఎవరో కొట్టేశారు, “మై ఫోన్ గాట్ స్టోలెన్”. ఇంటర్వ్యూలకి వెళ్ళే కుర్రాళ్ళు “ఐ సెలెక్టెడ్ ఇన్ బ్యాంక్ జాబ్” అంటుంటారు. దానికి అర్థం నేనే ఎవరినో ఎంపిక చేశాను అని. నన్ను ఎంపిక చేశారు అని చెప్పాలంటే “ఐ గాట్ సెలెక్టెడ్”. ప్రమోషన్ వచ్చినా, ట్రాన్స్‌ఫర్ అయినా అంతే: “ఐ గాట్ ప్రమోటెడ్”, “ఐ గాట్ ట్రాన్స్‌ఫర్డ్”. ఆ ‘గాట్’ తీసేస్తే పని చేసింది మీరే అయిపోతారు.

చేయించాను

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. తెలుగు మాట్లాడేవాళ్ళకి దీన్ని అర్థం చేసుకోవడం చాలా తేలిక, ఎందుకంటే ఈ తేడా మనం పుట్టినప్పటి నుంచి పాటిస్తూనే ఉన్నాం. కట్టాను వేరు, కట్టించాను వేరు. కుట్టాను వేరు, కుట్టించుకున్నాను వేరు. చేసింది నేనా, నేను చెబితే ఇంకొకరు చేశారా అన్నది ‘ఇంచు’ అనే చిన్న ముక్కతో చెప్పేస్తాం. హైస్కూల్లో దీన్నే ప్రేరణ క్రియ అన్నారు. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి మాత్రం ఆ ‘ఇంచు’ని గుమ్మం బయటే వదిలేసి వస్తాం.

“ఐ రిపేర్డ్ మై బైక్” అంటే స్పానర్ పట్టుకుని మీరే బాగుచేశారు. మెకానిక్ చేత చేయిస్తే “ఐ గాట్ మై బైక్ రిపేర్డ్”. “ఐ స్టిచ్డ్ ఎ బ్లౌజ్” అంటే మిషన్ దగ్గర కూర్చుంది మీరే. టైలర్‌కి ఇస్తే “ఐ గాట్ ఎ బ్లౌజ్ స్టిచ్డ్”. “ఐ రిమూవ్డ్ మై టూత్” అంటే మీ పన్ను మీరే పీక్కున్నట్టు. డెంటిస్ట్ దగ్గర పీకించుకుంటే “ఐ గాట్ మై టూత్ పుల్డ్”.

వరస గమనించండి. గెట్, తర్వాత వస్తువు, ఆ తర్వాత క్రియ మూడో రూపం. వస్తువు మధ్యలో ఉండాలి. “ఐ గాట్ రిపేర్డ్ మై బైక్” అని తారుమారు చేస్తే వాక్యం పాడైపోతుంది. అలవాటు కావాలంటే ఒక వారం పాటు మీ ఇంట్లో ‘ఇంచు’తో అయ్యే ప్రతి మాటనీ పట్టుకోండి. గ్యాస్ బుక్ చేయించాను, ఆధార్‌లో అడ్రస్ మార్పించాను, జిరాక్స్ తీయించాను, మిక్సీ బాగుచేయించాను, పాపకి టీకా వేయించాను. ఒక్కోదాన్నీ ఇదే వరసలో పెట్టండి. “ఐ గాట్ ద అడ్రస్ చేంజ్డ్.” “ఐ గాట్ ద బేబీ వ్యాక్సినేటెడ్.” కాసేపటికి చెయ్యి తిరుగుతుంది.

చేసినవాళ్ళ పేరు కూడా చెప్పాలనుకుంటే వరస మారుతుంది. గెట్, మనిషి, ‘టు’, క్రియ మొదటి రూపం. “ఐ గాట్ ద మెకానిక్ టు చెక్ ద బ్రేక్స్.” ఇందులో నచ్చజెప్పడమో, బతిమాలడమో, వెంటపడటమో ఉంది. ఊరికే చెప్పగానే చేసెయ్యలేదు, కాస్త శ్రమపడి చేయించారు. అన్నం తినని పిల్లవాడికి కథ చెప్పి తినిపిస్తే “ఐ గాట్ హిమ్ టు ఈట్”. కళ్ళెర్రజేసి తినిపిస్తే “ఐ మేడ్ హిమ్ ఈట్”. ‘మేడ్’ తర్వాత ‘టు’ రాదు, ‘గాట్’ తర్వాత ‘టు’ లేకపోతే కుదరదు. ఈ ఒక్క ‘టు’ దగ్గర బాగా మాట్లాడేవాళ్ళు కూడా తడబడతారు.

ఇంకో సంగతి. ఇదే వరస కొన్నిసార్లు మనం చేయించనిదానికి, మన ఖర్మకొద్దీ జరిగినదానికి కూడా వస్తుంది. “ఐ గాట్ మై ఫింగర్ కాట్ ఇన్ ద డోర్” అంటే తలుపు సందులో వేలు ఇరుక్కుంది. ఎవరూ కావాలని వేలు ఇరికించుకోరు కదా. అలాంటప్పుడు సందర్భమే చెబుతుంది.

‘టు’ వచ్చినప్పుడు

‘గెట్ టు’ తర్వాత ఊరో చోటో ఉంటే చేరడం. “వెన్ డిడ్ యూ గెట్ టు విజయవాడ?” హోమ్, హియర్, దేర్ అనే మాటలకి మాత్రం ‘టు’ అక్కర్లేదు, “గెట్ హోమ్” అంటే చాలు.

‘గెట్ టు’ తర్వాత క్రియ ఉంటే వీలు దొరకడం, అవకాశం దక్కడం. “ఐ గాట్ టు సీ ద చార్మినార్ అట్ నైట్” అంటే రాత్రిపూట చార్మినార్ చూసే అవకాశం దొరికింది. అందులో ఒక సంతోషం ఉంది. దీని పక్కనే “ఐ హావ్ గాట్ టు గో” పెట్టి చూడండి. అర్థం పూర్తిగా తిరగబడింది: వెళ్ళాలి, వెళ్ళక తప్పదు. తేడా అంతా ‘హావ్’లో ఉంది. చిక్కేంటంటే మాటల్లో ఆ ‘హావ్’ని మింగేసి “ఐ గాటా గో” అంటారు. సినిమాల్లో, సిరీస్‌లలో వినబడే ఆ ‘గాటా’ ఇదే. ‘గాటా’ అని కలిపేసి పలికితే తప్పదు అని అర్థం చేసుకోండి.

‘ఇంగ్’ రూపం పక్కన ఉంటే మొదలుపెట్టడం. “లెట్స్ గెట్ గోయింగ్” అంటే ఇక బయల్దేరదాం పదండి.

బస్సు దిగడం, ఇంకా కొన్ని

గెట్‌కి ఆఫ్, ఓవర్, బై లాంటివి తగిలితే పుట్టేవి లెక్కలేనన్ని. వీటిని కూర్చుని నేర్చుకోలేం, వినబడినప్పుడల్లా ఒక్కోటి పట్టుకోవాల్సిందే. నాకు బాగా పనికొచ్చినవి మాత్రం చెబుతాను. “వి ఆర్ గెటింగ్ బై” అంటే ఏదోలా నెట్టుకొస్తున్నాం. “షి గెట్స్ అలాంగ్ విత్ హర్ మదర్ ఇన్ లా” అంటే అత్తాకోడళ్ళకి బాగా పొసుగుతుంది. “హి గాట్ అవే విత్ ఇట్” అంటే చేసిందంతా చేసి తప్పించుకున్నాడు. “ఐ కుడంట్ గెట్ త్రూ” అంటే ఎంత చేసినా లైన్ కలవలేదు. “ఐ విల్ గెట్ బ్యాక్ టు యూ” అంటే కనుక్కుని మళ్ళీ చెబుతాను. ఆఫీసుల్లో ఇది రోజుకి పదిసార్లు వినబడుతుంది.

బస్సు దగ్గర మాత్రం కాస్త ఆగాలి. మనం ‘గెట్ డౌన్’ అంటాం, కండక్టర్లూ అదే అంటారు, ఇండియాలో దానికి ఏ ఇబ్బందీ లేదు. బయట ‘గెట్ ఆఫ్’ అంటారు. అక్కడ ఎవరైనా గట్టిగా “గెట్ డౌన్!” అని అరిస్తే వంగు, నేలమీద పడుకో అని అర్థం రావచ్చు. నిలబడి నాలుగడుగులు వేయగలిగే బండి, అంటే బస్సు, రైలు, విమానం అయితే ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’. కారు, ఆటో లాంటి వాటిలో ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్’. బైక్ మీద కూర్చుంటాం కాబట్టి దానికి మళ్ళీ ఆన్, ఆఫ్.

అన్నీ ఒకచోట

ఇదంతా విన్నాక నా నర్సింగ్ అమ్మాయిలకి ఈ పేరా ఇస్తాను. తొమ్మిది చోట్ల గెట్ ఉంది. ఒక్కోచోట ఆగి, పక్కన ఏముందో చూసి, తెలుగు క్రియ చెప్పాలి.

“ఐ గాట్ టు ద వార్డ్ ఎట్ ఎయిట్ అండ్ గాట్ చేంజ్డ్. ఐ గాట్ ద చార్ట్. ద పేషెంట్ ఇన్ బెడ్ ఫోర్ హాడ్ గాట్ వర్స్ ఓవర్‌నైట్, సో ఐ గాట్ ద డాక్టర్. వి గాట్ హిజ్ బ్లడ్ టెస్టెడ్. హి గాట్ ఎ లిటిల్ యాంగ్రీ, బట్ ఐ గాట్ హిమ్ టు ఈట్. ఐ డిడంట్ గెట్ టు సిట్ డౌన్ టిల్ నూన్.”

ఎనిమిదికి వార్డుకి చేరాను, డ్రెస్ మార్చుకున్నాను. చార్ట్ తీసుకున్నాను. నాలుగో బెడ్ పేషెంట్‌కి రాత్రికి రాత్రి ఎక్కువైంది, అందుకని డాక్టర్‌ని పిలుచుకొచ్చాను. రక్తపరీక్ష చేయించాం. ఆయనకి కాస్త కోపం వచ్చింది, అయినా నచ్చజెప్పి తినిపించాను. మధ్యాహ్నం దాకా కూర్చునే వీలు దొరకలేదు.

చేరడం, మార్చుకోవడం, తీసుకోవడం, ఎక్కువవడం, పిలుచుకురావడం, చేయించడం, రావడం, తినిపించడం, వీలు దొరకడం. ‘పొందు’ ఒక్కచోట కూడా రాలేదు.

ఈ మాట ఇంగ్లిష్‌లోకి వైకింగుల వెంట వచ్చింది. తొమ్మిదో శతాబ్దం నుంచి ఉత్తర, తూర్పు ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ స్కాండినేవియా వాళ్ళ ‘గెటా’ అనే క్రియ నుంచి పుట్టింది. మూడో రూపం పాతరోజుల్లో ‘గాటెన్’గా ఉండేది, ‘ఫర్గాటెన్’లో అది ఇంకా కనబడుతుంది. బ్రిటన్‌వాళ్ళు దాన్ని దాదాపు వదిలేశారు, అమెరికావాళ్ళు ఉంచుకున్నారు. అందుకే అమెరికాలో “హి హాజ్ గాటెన్ ఫ్యాట్” అంటారు, అంటే లావైపోయాడు. నా దగ్గర ఉంది అని చెప్పాల్సినప్పుడు మాత్రం వాళ్ళు కూడా ‘హావ్ గాట్’ అనే అంటారు. మీ బంధువులు డల్లాస్ నుంచి ఫోన్ చేసి ‘గాటెన్’ అంటే కంగారుపడొద్దు, మీరు బడిలో నేర్చుకున్నదీ తప్పు కాదు.

రాతలో మాత్రం గెట్‌ని తగ్గించండి. మాటల్లో అది ఎంత సహజంగా ఉంటుందో, దరఖాస్తులోనో, విదేశాలకి వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ వ్యాసంలోనో అంత పలచగా కనిపిస్తుంది. ఉత్తరం వచ్చింది అనాలంటే ‘రిసీవ్డ్’, అనుమతి తీసుకున్నాం అనాలంటే ‘ఒబ్టెయిన్డ్’, మారింది అనాలంటే ‘బికేమ్’, చేరుకున్నాం అనాలంటే ‘అరైవ్డ్’. ఇక్కడ కూడా మీకు దారి చూపేది తెలుగు క్రియే.

ఇక మీ వంతు. కింది వాక్యాలని గెట్‌తో చెప్పి, తర్వాత జవాబులు చూడండి.

అమ్మ కళ్ళజోడు మార్పించాం. వానలో పుస్తకాలు తడిసిపోయాయి. తమ్ముడికి నచ్చజెప్పి అప్లికేషన్ పెట్టించాను. నిన్న రాత్రి ఎన్నింటికి ఇంటికి చేరారు? ఊరెళ్ళాను గానీ మేనమామని కలిసే వీలు దొరకలేదు. ఈ లెక్క నాకు అర్థం కాలేదు.

మొదటిది “వి గాట్ మదర్స్ గ్లాసెస్ చేంజ్డ్”. రెండోది “ద బుక్స్ గాట్ వెట్ ఇన్ ద రెయిన్”. మూడోది “ఐ గాట్ మై బ్రదర్ టు అప్లై”. నాలుగోది “వాట్ టైమ్ డిడ్ యూ గెట్ హోమ్ లాస్ట్ నైట్?” అయిదోదానిలో రెండో సగం “ఐ డిడంట్ గెట్ టు మీట్ మై అంకుల్”. ఆరోది “ఐ డోంట్ గెట్ దిస్ సమ్”. అర్థం కాలేదు అని మనం జరిగిపోయినట్టు చెప్పినా, ఇప్పటికీ అర్థం కాలేదు కాబట్టి ఇంగ్లిష్‌లో ‘డిడంట్’ కాకుండా ‘డోంట్’ వస్తుంది.